ఫిష్ ట్యాంకుకు కంట్రోలర్: తక్కువ ఖర్చులో ఏది చాలు?

వినడానికి కుదరనివాళ్ల కోసం మాటలన్నీ ఎప్పటిలాగే ఇక్కడ రాసి పెడుతున్నాం.

ఈ వారం విషయం ఫిష్ ట్యాంకు. నవ్వకండి. పన్నెండు గంటల డ్యూటీ చేసి, ఇంటికి ఫోన్ మాట్లాడి పెట్టేశాక, ఆ నీళ్లలో తిరిగే నాలుగు గప్పీలను చూస్తే మనసు కాస్త కుదుటపడుతుంది. మరి మనం డ్యూటీలో ఉన్నప్పుడు వాటిని చూసేదెవరు? అందుకే కంట్రోలర్ కొనాలా, ఎంతలో కొనాలా అన్న ప్రశ్న వస్తుంది.

పెద్ద కంట్రోలర్లు ఉన్నాయి. నెప్ట్యూన్ అపెక్స్ లాంటివి టెంపరేచర్, పీహెచ్, లైట్లు, పంపులు అన్నీ చూసుకుంటాయి. ధర వందల డాలర్లు. అవి ఎక్కువగా ఉప్పునీళ్లలో పగడాలు పెంచేవాళ్లకి. మన గప్పీలకి, బెట్టాలకి అంత అవసరం లేదు. లైటుకి మామూలు టైమర్ ప్లగ్ చాలు. నీళ్లు పాడవకుండా వారం వారం కొంత నీళ్లు మార్చాలి, ఆ పని మనమే చేసుకోవాలి.

మనం లేనప్పుడు మెషీన్ ముఖ్యంగా కాపాడాల్సింది టెంపరేచర్. గల్ఫ్ ఎండల్లో ఏసీ ఆపి వెళ్తే రూమ్ కాగిపోతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్లలో 30 డిగ్రీలకి 7.5 దాకానే పడుతుంది. చలికాలం రియాద్, కువైట్ రాత్రుల్లో మళ్లీ హీటర్ కావాలి. చవక హీటర్‌లో థర్మోస్టాట్ ఒక్కోసారి అతుక్కుపోయి, ఆగకుండా వేడి చేస్తూనే ఉంటుంది.

దీనికి రెండు సాకెట్ల టెంపరేచర్ కంట్రోలర్ సరిపోతుంది. ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 ఈ రకమే, దాదాపు 35–40 డాలర్లు. ఒక సాకెట్‌లో హీటర్, ఇంకోదాంట్లో చిన్న ఫ్యాన్. ఎస్‌టీసీ-1000 ఇంకా చవక, కానీ దానికి కరెంటు వైర్లు మనమే బిగించాలి. ఆరుగురు పడుకునే రూమ్‌లో, నీళ్ల పక్కన, ఎలక్ట్రీషియన్ కాకపోతే ఆ జోలికి పోవద్దు.

సెట్టింగ్ ఇలా పెట్టండి: 26 డిగ్రీలు, అటు ఇటు ఒక డిగ్రీ తేడా. 25కి దిగితే హీటర్ వెలుగుతుంది, 27కి ఎక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, 26కి వచ్చాక రెండూ ఆగుతాయి. హీటర్ మీదున్న నాబ్‌ని 28 దగ్గర పెట్టండి. కంట్రోలర్ చెడిపోయినా హీటర్ తనంతట తానే ఆగుతుంది, హీటర్ అతుక్కుంటే కంట్రోలర్ ఆపుతుంది. ఒకదానికి ఒకటి కాపలా.

ఫ్యాన్ మీద మాత్రం మరీ ఆశ పెట్టుకోవద్దు. నీళ్లు ఆవిరి చేసి రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది, అంతే. గాలిలో ఉక్క ఉంటే అదీ తగ్గదు. రూమ్ 40కి పోయేలా ఉంటే ఏసీని కొంచెం పెట్టి ఉంచడమే దారి. తగ్గిన నీళ్లకి బదులు క్లోరిన్ తీసిన నీళ్లే పొయ్యండి.

కొనేముందు నాలుగు విషయాలు చూడండి. 220 వోల్టులదేనా? అమెరికా నుంచి తెప్పించిన 110 వోల్టుల పెట్టె ఇక్కడ పనికిరాదు. మూడు పలక పిన్నుల ప్లగ్ ఉందా? హీటర్ వాట్లు సరిపోతాయా? లీటరుకి ఒక వాట్ లెక్క వేసుకోండి. సెన్సర్ నీళ్లలో గట్టిగా అతుక్కుని ఉంటుందా? బయటికి జారితే అది గాలి వేడి చూసి హీటర్‌ని నడిపిస్తూనే ఉంటుంది.

పెట్టె ట్యాంకు కన్నా ఎత్తులో ఉండాలి. వైరు సాకెట్‌కి వచ్చేముందు కిందికి వంగాలి, అప్పుడు జారిన నీటి చుక్క సాకెట్‌లోకి పోదు. రైస్ కుక్కర్ తగిలించిన ఎక్స్‌టెన్షన్‌కి దీన్ని తగిలించకండి. మెయిన్ బోర్డులో ఈఎల్‌సీబీ ఉంటే దాని టెస్ట్ బటన్ ఒకసారి నొక్కి చూడండి.

ఊరికి లీవ్ మీద వెళ్లేముందు రూమ్మేట్‌కి చేపల మేత ఎంత వెయ్యాలో, అలారం మోగితే ఏం చెయ్యాలో చూపించి వెళ్లండి. కంట్రోలర్ వేడి చూస్తుంది, మేత వెయ్యలేదు. వచ్చే ఆదివారం కలుద్దాం, జాగ్రత్తగా ఉండండి.