నిప్పు చేసెడి మేలును కీడును
(సంఘ సభలో చేసిన ఉపన్యాసము)

 

మేము తేయాకు వర్తకులము, శాస్త్రజ్ఞులము కాము. ఒక మాఘమాసమున సరకు కొనుటకై అస్సాము వెళ్లి, త్రోవలో కాజీరంగా వనమును చూచితిమి. ఖడ్గమృగములకు పుట్టిల్లని పేరొందిన ఆ తడినేలపై గడ్డి కాలి, కనుచూపు మేర నల్లబడియుండెను. మా అంగడి ఒకప్పుడు నిప్పుపాలైనది గనుక గుండె ఝల్లుమన్నది. “ఎవరీ పాతకము చేసిరి?” అని యడిగితిమి. అటవీశాఖవారే ప్రతి ఏటను బుద్ధిపూర్వకముగ కాల్చుదురట! కారణము విచారించి గ్రహించినదానిని విన్నవింతుము.

కాజీరంగా బ్రహ్మపుత్రకు దక్షిణపు గట్టున నున్నది. వర్షకాలమున వరద ముంచును. ఆ ఒండ్రులో గడ్డి ఏనుగును దాచునంత ఎత్తు పెరుగును. నీరు తీసిన పిదప బూరుగు మొదలైన చెట్ల మొక్కలు అందు తలయెత్తును. వానిని విడిచిపెట్టినచో క్రమముగా పచ్చిక బయలు అడవియగును. ఖడ్గమృగమునకును బారసింగాకును మేత తగ్గును.

అయితే నిప్పు మొక్కను చంపునా? తరచుగ చంపదు. పైకొమ్మ మాడును, తడిమంటిలో వేరు బ్రదికియుండి మరల చిగిర్చును. మా వర్తకుల భాషలో, నిప్పు వడ్డీని కొనిపోవును, అసలు నేలలోనే యుండును. ఏటేట కాలెడి మొక్క పొట్టిగనే నిలిచిపోవును. కొన్ని ఏండ్లు మంట తప్పినచో అది మంటకందనంత ఎదిగి, బెరడు దళసరియై, ఇక నిప్పునకు సులభముగ లొంగదు.

ఇంత తడినేల కాకపోయినను, దక్షిణాఫ్రికాలోని క్రూగర్ వనమున ఈ విషయమునే పరీక్షించుటకు 1954లో ప్రయోగము నారంభించిరి. సుమారు 7 హెక్టార్ల మడులు ఏర్పరచి, కొన్నిటిని ఏటేట, కొన్నిటిని రెండేండ్లకు, కొన్నిటిని మూడేండ్లకు కాల్చిరి. కొన్నిటిని కాల్చకయే విడిచిరి. వాన ఎక్కువగల చోట తేడా స్పష్టమాయెను. మంటలేని మడి చెట్లతో క్రమ్ముకొనెను. తరచు కాలిన మడిలో చెట్లు పొట్టివై గడ్డియే మిక్కుటమాయెను.

ఇది విని నిప్పంతయు మేలే యని తలపరాదు. అస్సాములో మరుగుజ్జు అడవిపంది కలదు. అది ఎత్తైన గడ్డిలోనే గూడు కట్టుకొని బ్రదుకును. ఆ జాతి నశించినదని లోకమనుకొనుచుండగా, 1971లో బర్నది వద్ద గడ్డిమంటకు వెరచి కొన్ని తేయాకుతోటలోనికి పరుగెత్తి పట్టుబడెను. వానిని అంతకాలము దాచినది గడ్డి, వెడలగొట్టినది నిప్పు. గడ్డియంతయు ఒకేమారు కాల్చినచో వానికి తలదాచుకొను తావెక్కడిది?

కావున కాల్చుటయా, మానుటయా యన్నది ప్రశ్న కాదు. ఏ భాగమును, ఏ మాసమున, ఎన్నేండ్లకొకసారి యన్నదే ప్రశ్న. ఒక భాగము కాల్చి, మరియొకటి విడిచి, వంతులవారీగ నడపుట వివేకము. మన యువకులు నిప్పును నిషేధింపుడని మహజరులు వ్రాయుటకు పూర్వము ఈ లెక్క నడుగవలెనని మా మనవి. తొందరపడి పాతకమని నోరుజారినవారము గనుకనే ఇంతగా చెప్పుచున్నాము.

సెలవు.