రాళ్ల నడుమ నడిచి వద్దాం

(కూకట్‌పల్లిలో చదువు నేర్చుకుంటున్న మహిళలతో, నడకకు పోయే ముందురోజు చేసిన ప్రసంగం)

 

రేపు ఆదివారం. మనమంతా దుర్గం చెరువుకు పోతున్నాం. "పని మానుకొని పోయి రాళ్లూ చెట్లూ చూసేదేముంది?" అని మొన్న ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్నే. జవాబు చెప్తాను, వినండి.

కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కుతాం. అమీర్‌పేటలో దిగుతాం. అక్కడ రాయదుర్గం పోయే రైలు ఎక్కుతాం. దుర్గం చెరువు స్టేషన్‌లో దిగుతాం. స్టేషన్ల పేర్లు నేను చెప్పను. బోర్డుల మీద తెలుగులో రాసి ఉంటాయి. మీరే చదవాలి. ఎక్కడ దిగాలో మీరే నాకు చెప్పాలి. సరేనా?

అక్కడ రాళ్లగుట్టల నడుమ ఒక పల్లం ఉంది. ఆ పల్లంలో నీళ్లు నిలిచాయి. అదే దుర్గం చెరువు. కుతుబ్‌షాహీ రాజుల కాలంలో ఈ నీళ్లు గోలకొండ కోటకు పోయేవి. చుట్టూ గుట్టలు ఉండటంతో చెరువు దూరానికి కనిపించేది కాదు. అందుకే దీన్ని రహస్య చెరువు అని కూడా అంటారు. 2020లో దీని మీద తీగల వంతెన తెరిచారు.

ఆ గుట్టల రాళ్ల వయసు ఎంతో తెలుసా? సుమారు 250 కోట్ల ఏండ్లు! అప్పటికి మనిషి లేడు. చెట్టు లేదు. పిట్ట లేదు. భూమి లోపల కరిగి ఉన్న రాయి మెల్లగా చల్లారింది. గట్టిపడింది. అదే గ్రానైటు. పైనున్న మట్టి కోట్ల ఏండ్ల వానలకు కొట్టుకుపోయింది. లోపలి రాయి బయటపడింది. పగుళ్లు వచ్చాయి. పగుళ్లలోకి నీళ్లు దిగాయి. మూలలు అరిగాయి. రాళ్లు గుండ్రంగా తేలాయి. బండ మీద బండను ఏ రాక్షసుడూ పెట్టలేదు. ఎండ, వాన, గాలి చేసిన పని అది.

ఈ రాళ్లతో మనకేం లాభం? వాన పడితే నీళ్లు బండల మీది నుంచి జారతాయి. కొన్ని సందుల్లోని మట్టిలో ఇంకుతాయి. మిగిలినవి పల్లానికి పోయి చెరువు నింపుతాయి. బండల సందుల్లో తొండలు, పాములు, పిట్టలు బతుకుతాయి. సీతాఫలం, తంగేడు రాళ్ల నేలలోనే పెరుగుతాయి. తంగేడు లేకుండా బతుకమ్మ ఉంటుందా? అది మన రాష్ట్ర పువ్వు కూడా. ఒకప్పుడు గుట్టకు పోయి తెంపుకొచ్చేవాళ్లం. ఇప్పుడు బజారులో కొంటున్నాం. గుట్ట పోయింది. పువ్వు దూరమైంది.

ఒక చెల్లెలు ఇంకో మాట అడిగింది. "మా ఆయన రాయి కొడితేనే మా పొయ్యి వెలుగుతుంది. రాళ్లను కాపాడితే మేమెట్లా బతకాలి?" అని.

ఆమె మాట నిజమే. ఇల్లు కట్టాలంటే కంకర కావాలి. రాయి కొట్టేవాళ్ల బతుకూ ముఖ్యమే. అన్ని రాళ్లనూ వదిలెయ్యమని నేను అనటం లేదు. కొట్టాల్సిన చోట కొట్టాలి. చెరువు పక్కన ఉన్న అపురూపమైన రాళ్లను మాత్రం ఉంచుకోవాలి. చెట్టు కొడితే మళ్లీ నాటవచ్చు. రాయి పేలిస్తే మళ్లీ మొలవదు గదా!

ఈ మాట చెప్పటానికే హైదరాబాదులో 1996లో రాళ్లను కాపాడే సంఘం ఒకటి ఏర్పడింది. వాళ్లు జనాన్ని గుట్టల్లోకి తీసుకుపోయి, నడిపించి, రాళ్లను చూపిస్తుంటారు. మాదాపూర్ శిల్పారామంలో ఎలుగుబంటి ముక్కులాంటి రాయి ఉంది. దాన్ని పగలగొట్టకుండా ఉంచారు. అట్లా ఉంచుకోవచ్చు.

రేపు మనం మూడు పనులు చేద్దాం.

ఒకటి. బండ మీద చెయ్యి పెట్టి చూద్దాం. ఎండలో ఎట్లా ఉంది? నీడలో ఎట్లా ఉంది?

రెండు. కాసేపు కండ్లు మూసుకొని కూర్చుందాం. ఎన్ని రకాల పిట్టల కూతలు వినిపించాయో లెక్కపెడదాం.

మూడు. రాలిన ఆకులు ఏరుదాం. నోటుబుక్కులో అంటించి, పక్కన చెట్టు పేరు రాద్దాం. కొమ్మలు విరవొద్దు.

చెప్పులు వేసుకోండి. నీళ్ల సీసా, రొట్టెలు తెచ్చుకోండి. తడిబండ ఎక్కకండి. జారుతుంది. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకండి. ఒంటరిగా పోకండి. తిన్నాక కవర్లు అక్కడ పారెయ్యకండి.

సాయంత్రం ఇంటికి వచ్చాక, మీరు రాసింది మీ పిల్లలకు చదివి వినిపించండి. అమ్మ రాసిన మాట వాళ్లు మరిచిపోరు.

రేపు పొద్దున అందరం కలుద్దాం. నోటుబుక్కు, పెన్సిలు మరవకండి!