ఇద్దఱు తండ్రులు - ఒక దేశము

(ఒక పఠనమందిరమున జేసిన ఉపన్యాసము)



నవల చలనచిత్రముగా మాఱునపుడు ఏది నిలుచును, ఏది జాఱిపోవును అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని మీరు మమ్ము కోరితిరి. ఇది వినోదమునకు సంబంధించిన ప్రశ్నగా తోచును. కాని ఆ నవల ఒకజాతి మఱియొకజాతికి చేసిన అన్యాయమును గూర్చినదైనచో, ప్రశ్న వినోదమును దాటి ధర్మవిచారమగును. ఏలయన, అట్టి గ్రంథము తెఱకెక్కి, జనులచేత కన్నీరు పెట్టించి, ఆ కన్నీటికి కారణమైన వ్యవస్థను మాత్రము మఱపించినచో, అది తెలియకయే అన్యాయమునకు ఉపకారము చేసినట్లగును. ఇందుకు దృష్టాంతముగా దక్షిణాఫ్రికాకు సంబంధించిన ఒక ప్రసిద్ధగ్రంథమును, దానినుండి నలువది నాలుగేండ్ల యెడమున వెలువడిన రెండు చిత్రములను పరిశీలింతము.

ఆ గ్రంథము అలన్ పేటన్ రచించిన 'క్రై, ది బిలవెడ్ కంట్రీ'. ప్రియమైన దేశమా, విలపింపుము అని ఆ పేరునకు తాత్పర్యము. పేటన్ శ్వేతజాతీయుడు. 1903లో నెటాలునందలి పీటర్‌మారిట్స్‌బర్గులో జన్మించెను. ఆ పట్టణపు రైలుస్టేషను మనకు క్రొత్తది కాదు. 1893లో మొదటితరగతి టిక్కెట్టు చేతనుండగనే గాంధీమహాత్ముని బండినుండి దింపివేసిన దచ్చటనే. పేటన్ కొంతకాలము ఇక్సోపో గ్రామమున ఉపాధ్యాయుడుగానుండి, 1935 మొదలు జొహానెస్‌బర్గు సమీపమున ఆఫ్రికను బాలనేరస్థుల సంస్కరణాలయమునకు అధికారియయ్యెను. నేరము చేసిన బాలుని ముఖము ఎట్లుండునో, వానిని నేరమునకు నెట్టిన యిల్లు ఎట్టిదో అతడు పుస్తకములలో చదివి తెలిసికొన్నవాడు కాడు. 1946లో పరదేశపు చెఱసాలలను పరిశీలింపబోయినపుడు, నార్వేదేశమున ట్రోండ్‌హైములో ఈ నవల నారంభించెను. 1948లో అది ప్రకటితమయ్యెను. ఆ సంవత్సరమే దక్షిణాఫ్రికాలో నేషనల్ పార్టీ అధికారమునకు వచ్చి, వర్ణవివక్షను సమగ్రమైన రాజ్యశాసనముగా చేయ పూనుకొనెను.

కథ సంగ్రహముగా నిది. కొండలనడుమ న్డొట్షెని యను పల్లె. మన్ను వానలకు కొట్టుకొనిపోయి పైరు పండదు. పడుచువారు బంగారుగనుల నగరమగు జొహానెస్‌బర్గునకు పోయి తిరిగిరారు. ఆ పల్లెలోని జూలూజాతి క్రైస్తవపురోహితుడు స్టీవెన్ కుమాలో తన చెల్లెలిని, తన కుమారుడగు అబ్సలోమును వెదకుచు నగరమునకు బోవును. మ్సిమాంగు అను పురోహితుని తోడుతో ఇల్లిల్లు దిరిగి, తుదకు కుమారుని చెఱసాలలో గనుగొనును. అబ్సలోము ఒక యింట దొంగతనమునకు జొచ్చి, వెఱపుచేత తుపాకి పేల్చి ఒక తెల్లవానిని చంపియున్నాడు. చచ్చినవాడు ఆర్థర్ జార్విస్. ఆఫ్రికనుల న్యాయమునకై పాటుపడుచుండిన పురుషుడు. అంతియగాదు, కుమాలో పల్లెకు ఎగువనున్న భూస్వామి జేమ్స్ జార్విస్‌కు ఒక్కగానొక్క కుమారుడు. ఒక తండ్రి కుమారుడు తుపాకికి బలియయ్యెను. మఱియొక తండ్రి కుమారుడు ఉరికంబమునకు బలికానున్నాడు. వెంటనున్న యిద్దఱును బొంకి తప్పించుకొందురు. నిజము చెప్పినవాడు ఉరికెక్కును. ఆ ముసలివారిరువురును దుఃఖమున నొకరినొకరు గుర్తింతురు.

ఇంతవఱకే యైనచో ఇది ఇద్దఱు తండ్రుల శోకకథ. పేటన్ ఇంతటితో నూరకుండలేదు. కథనడుమ పేరులేని కంఠములతో నిండిన ప్రకరణములను నిలిపెను. ఇల్లు దొరకక గోనెపట్టలతో, రేకులతో గుడిసె వేసికొన్న తల్లి రోగియైన బిడ్డను ఒడినుంచుకొని రాత్రియంతయు మేలుకొనును, బిడ్డ దక్కదు. తెల్లవారు తమ సభలలో దొంగతనములను గూర్చి భయపడుదురు. ఒకడు పోలీసులను పెంచుడనును, ఒకడు బడులను పెంచుడనును, ఒకడు దేశమునే రెండుగా చీల్చుడనును. క్రొత్తగా బంగారము బయటపడినదని తెలియగనే గనులవాటాల ధరలు ఆకసమునంటును; గని త్రవ్వువాని కూలి మాత్రము చలింపదు. ఇవి కల్పనలు కావు. అలెగ్జాండ్రా పేటవాసులు బస్సుచార్జి ఒక్క పెన్నీ పెంచినందులకు 1943లోను 1944లోను బస్సులెక్కక మైళ్లకొలది నడచిరి. 1944లో జేమ్స్ మ్పాంజా యను నాయకుని వెంట ఇండ్లులేని జనులు ఆర్లాండో సమీపమున బయలున గుడిసెలు వేసికొనిరి. వీనికన్నిటికిని వెనుక 1913నాటి భూమిశాసనమున్నది. దేశమున అత్యధికసంఖ్యాకులైన ఆఫ్రికనులకు నూటికి సుమారు 7 వంతుల నేల మాత్రమే అది విడిచెను. 1936లో దానిని సుమారు 13 వంతులకు పెంచిరి. న్డొట్షెని పొలము ఎందుకు పండదో, పడుచువారు ఎందుకు పోయిరో, అబ్సలోము చేతికి తుపాకి ఎట్లు వచ్చెనో, జవాబంతయు ఈ లెక్కలోనే యున్నది.

ఇక చిత్రమునకు వత్తము. తెఱకు ముఖము కావలెను. పేరులేని కంఠము పుటమీద పలుకగలదు. తెఱమీద దానికి శరీరము లేదు. కావున నవల చిత్రమగునపుడు తండ్రులిరువురును నిలుతురు. కంఠములలో అధికభాగము రాలిపోవును. 1951నాటి చిత్రమందును, 1995నాటి చిత్రమందును ఇదియే జరిగెను. దీనికి దర్శకులను మాత్రమే నిందించుట న్యాయముకాదు. అది ఆ కళయొక్క స్వభావము. కాని కంఠములు రాలిన చోట ఏమి పోయినదో ప్రేక్షకుడు తెలిసికొనవలెను. పోయినది కారణము. మిగిలినది శోకము. కారణములేని శోకము విధికృత్యమువలె దోచును. మనుష్యులు చేసిన శాసనమును గాలివానవలె, కఱవువలె భ్రమింపజేయును.

అయినను చిత్రమునకు తనదైన బలము కలదు. 1951నాటి చిత్రమునకు జోల్టన్ కోర్డా దర్శకుడు. అతడు కెమేరాను దక్షిణాఫ్రికాకే కొనిపోయెను. పుటలో వర్ణనగానున్న రేకుల గుడిసెలు తెఱమీద సాక్ష్యములయ్యెను. వర్ణనను అతిశయోక్తియని త్రోసివేయవచ్చును. కంట బడినదానిని త్రోసివేయుట కష్టము.

ఆ చిత్రము తయారైన విధము మఱియొక నవల. కుమాలోగా నటించిన కెనడా లీ అమెరికాదేశపు నల్లజాతి నటుడు. మొదట మల్లయోధుడువలె ముష్టియుద్ధములు చేసినవాడు. 1941లో రిచర్డ్ రైటు నవలనుండి కూర్చిన 'నేటివ్ సన్' నాటకమున ప్రధానపాత్రధారియై కీర్తినందినవాడు. స్వదేశమున కమ్యూనిస్టు ముద్రవేసి అతనికి పని దొరకకుండ జేసిరి. చిత్రకథారచనలో పాల్గొనిన జాన్ హోవర్డ్ లాసన్ ప్రభుత్వసంఘమునకు జవాబు చెప్పననినందులకు 1950లో చెఱకు బోయినవాడు. ఆనాడు అతని పేరు తెఱమీద వేయుటకైనను సాహసింపలేదు. మ్సిమాంగు పాత్రధారి సిడ్నీ పాయిటియర్ అప్పటికి ఇరువదిమూడేండ్ల యువకుడు. పిమ్మట ఉత్తమనటునిగా ఆస్కారు బహుమానము నందిన మొదటి నల్లజాతి పురుషుడు. ఈ నటులిరువురును దక్షిణాఫ్రికాలో స్వతంత్రకళాకారులుగా అడుగిడుటకు వీలులేకపోయెను. దర్శకునియొద్ద ఒడంబడికకు లోబడిన కూలీలుగా లెక్కవేసి తమ్ము లోనికి రానిచ్చిరని పాయిటియరే పిమ్మట చెప్పియున్నాడు. తెఱమీద అన్యాయమును చూపవచ్చినవారు తెఱవెనుక దానినే యనుభవించిరి. కెనడా లీ 1952లో, నలువదియైదేండ్ల వయస్సున మరణించెను. ఆ చిత్రమున కుమాలో ముఖమున గనబడు అలసట నటనమాత్రమని మేము నమ్మజాలము.

ఒడంబడిక కూలీ! ఆ మాట విన్నపుడు తెలుగువాని హృదయము ఉలికిపడకుండునా? 1860 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమునుండి బయలుదేఱిన 'ట్రూరో' యను ఓడ డర్బను రేవు చేఱెను. అది మొదలు 1911 వఱకు సుమారు లక్షయేబదిరెండువేలమంది భారతీయులు నెటాలు చెఱకుతోటలకు ఒడంబడికమీద కొనిపోబడిరి. వారిలో మన తీరపు జిల్లాల తెలుగుకుటుంబము లనేకము. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్రమహాసభను స్థాపించినది వారి సంతతియే. తొంబదియేండ్ల క్రిందట మనవారు ఏ పేరుతో ఆ రేవున దిగిరో, ఆ పేరుతోడనే 1950లో ఇద్దఱు మహానటులు ఆ దేశమున దిగిరి. కావున పేటన్ కథ మనకు దూరదేశపు వార్త కాదు. ఆ దేశపు చరిత్రలో మన బంధువుల చెమటయు కలదు.

ఈ నవలకు ప్రతివాదము లేకపోలేదు. దానిని వినకుండుట అన్యాయము. కుమాలో మితిమీఱిన వినయశీలియనియు, తెల్లవారు చూడగోరు నల్లవాడేగాని నిజమైన జొహానెస్‌బర్గువాసి కాడనియు లూయీ ఎన్కోసీ మొదలగు ఆఫ్రికను రచయితలు విమర్శించిరి. వారు విమర్శతో నిలువలేదు. లయొనెల్ రొగోసిన్ అను అమెరికను దర్శకునితో గూడి, ఎన్కోసీయు బ్లోక్ మొడిసానేయు 1959లో వెలువడిన 'కమ్ బ్యాక్, ఆఫ్రికా' యను చిత్రమునకు కథ కూర్చిరి. నిజమైన ఉద్దేశమును అధికారులకు దెలియనీయక దానిని చిత్రించిరి. అందు వినయమూర్తియగు పురోహితుడు లేడు. పని వెదకికొనుచు, అనుమతిపత్రములకై తిరుగుచు, ప్రతివాకిట అవమానము నందు సామాన్యుడు కలడు. పేటన్ చిత్రమును చూచినవారు ఈ చిత్రమును గూడ చూచినగాని లెక్క సరిపోదు. మంచి తెల్లవాని కన్నులతో చూచినదొకటి. దెబ్బతిన్నవాని కన్నులతో చూచినది మఱియొకటి.

అయినను పేటనుపట్ల అన్యాయము చేయరాదు. నవల చివరభాగమున జార్విస్ పల్లెబిడ్డలకు పాలు పంపును. వ్యవసాయము నేర్పుటకు ఒక యువకుని నియమించును. మెత్తనిహృదయము గల పాఠకుడు ఇచ్చట గ్రంథమును మూసి తృప్తిపడును. కాని ఆ యువకుడే కుమాలోతో నేమనును? పాలు మంచివేగాని, భూమిని ఇంత కొంచెముచేసినవారును, మనలను ఆ భూమినుండి పనికై లాగుకొనిపోయినవారును తెల్లవారేకదా యనును. దానమును స్వీకరించుచునే హక్కును మఱవని కంఠమది. మా యభిప్రాయమున గ్రంథమంతటికిని కీలకము ఈ సంభాషణమే. చిత్రకారుడు పాలకుండను చూపి ఈ మాటను విడిచినచో, కథ బ్రతుకును, ధర్మము చచ్చును.

పేటన్ బ్రతుకును ఈ మాటకు తగినట్లే గడచినది. 1953లో ఏర్పడిన లిబరల్ పార్టీకి అతడు నాయకుడు. 1960లో అతని పాస్‌పోర్టు లాగుకొనిరి. 1964లో నెల్సన్ మండేలాకును సహచరులకును మరణదండన తప్పింపుడని న్యాయస్థానమున నిలిచి పలికెను. 1968లో భిన్నజాతులవారు ఒకే పక్షమున నుండరాదని శాసనము పుట్టగా, జాతుల ప్రకారము చీలుటకంటె మూతపడుటయే మేలని ఆ పార్టీ తన్ను తాను రద్దుచేసికొనెను. 1988లో పేటన్ మరణించెను. తాను కోరిన ఉదయమును అతడు చూడలేదు.

ఆ ఉదయము 1994లో వచ్చినది. మరుసటి సంవత్సరమే రెండవ చిత్రము వెలువడెను. దర్శకుడు డారెల్ రూట్. కుమాలో పాత్రధారి జేమ్స్ ఎర్ల్ జోన్స్. జార్విస్ పాత్రధారి రిచర్డ్ హారిస్. నిర్మాత యెవరు? డర్బనులో బుట్టిన భారతసంతతివాడగు అనంత్ సింగ్! భారతీయులు ఏ రేవున కూలీలుగా దిగిరో ఆ రేవుపట్టణపు భారతీయుడు, వర్ణవివక్ష కూలిన మఱుసటియేట, ఆ దేశపు మహాకథను తెఱకెక్కించెను. ఈసారి నటుని కూలీయని వ్రాయింపవలసిన యగత్యము లేదు. ఇది సామాన్యమైన మార్పు కాదు.

కాని గమనింపుడు. 1951లో శాసనము బ్రతికియున్నది. కుమాలో కన్నీరు అప్పుడు అభియోగము. 1995లో శాసనము చచ్చినది. అదే కన్నీరు ఇప్పుడు స్మరణము. అభియోగము ప్రేక్షకుని నిద్రపోనీయదు, స్మరణము నిద్రపుచ్చవచ్చును. గడచినది గడచెను, తండ్రులిరువురును క్షమించుకొనిరి, మనమును ఇంటికి పోవుదము అనిపింపవచ్చును. భూమిలెక్క మాత్రము ఆ దేశమున నేటికిని చక్కబడలేదు. ఓటు వచ్చినంత శీఘ్రముగా పొలము రాలేదు.

కావున ఇట్టి నవలను తెఱకెక్కించువారికి మా విన్నపము రెండు మాటలు. పాత్రలను తగ్గింపుడు, సంభాషణములను తగ్గింపుడు, కారణమును తగ్గింపకుడు. క్షమను చూపుడు, క్షమింపవలసిన నేరము ఎవరిదో దాచకుడు.

ప్రేక్షకులకును ఒక మాట కలదు. దూరపువాని దుఃఖమునకు కన్నీరు కార్చుట సులభము. అందుకు మనవద్దనుండి ఏమియు ఖర్చుకాదు. జొహానెస్‌బర్గు గుడిసెను తెఱమీద చూచి ఏడ్చి, ఇంటికి మరలునపుడు మన యూరిచివర పేటను తలయెత్తి చూడనివాని కన్నీరు ఉప్పునీరే. ఓడలెక్కి నెటాలునకు బోయిన మన కూలీలలో పలువురు ఆ పేటలవారే యని మఱవరాదు.

సభ్యులారా! చిత్రము రెండు గంటలలో ముగియును. అది విడిచిన కంఠములు గ్రంథమున నున్నవి. గ్రంథము విడిచిన కంఠములు ఆఫ్రికను రచయితల పుస్తకములలో నున్నవి. చిత్రము చూచినవాడు మఱునాడు ఈ పఠనమందిరపు మెట్లెక్కి ఆ పుస్తకములను అడిగినచో, తెఱమీద సగమైన న్యాయము ఇచ్చట కొంత పూర్తియగును. అడుగువారుండుడు, పుస్తకములను తెప్పించు భారము మందిరనిర్వాహకులది. మేమును మా శక్తికొలది తోడ్పడుదుము.