అంకెలకు బొమ్మ కట్టే పనిముట్లు – ఎంపికలో జాగ్రత్తలు

(ఒంగోలులో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి ఇంతవరకు పెద్దలు వివరంగా మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. వ్యాపారం లెక్కలను బొమ్మలుగా చూపించే కంప్యూటరు పనిముట్లలో దేనిని ఎంచుకోవాలి అన్నది. పెన్షనర్లకు దీనితో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. పని ఉంది. మన పిల్లల్లో మిర్చి, పొగాకు, గ్రానైటు, మందుల షాపు, ఇలా ఏదో ఒక వ్యాపారంలో ఉన్నవారు చాలామంది. పెట్టుబడి అవసరమైతే వారు మొదట చూసేది నాన్నగారి గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము వైపే. వెనుక ఖాతా పుస్తకం తెచ్చి ముందు పెట్టేవారు. ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి రంగు రంగుల బొమ్మలు చూపిస్తున్నారు. ఆ బొమ్మను చదవడం వస్తేనే మన పొదుపు మనకు దక్కుతుంది.

గణాంకాల పనిలో నా సర్వీసంతా గడిచింది. గ్రాఫు కాగితం, స్కేలు, రంగు పెన్సిళ్లు, ఇవే అప్పటి మా సాఫ్టువేరు. ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. 1786లో విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లండు దేశస్థుడు ఇంగ్లండు ఎగుమతి దిగుమతుల లెక్కలను గీతల బొమ్మలుగా గీసి పుస్తకం వేశాడు. పట్టీల బొమ్మ కూడా అందులోదే. అప్పడంలా గుండ్రంగా ఉండి ముక్కలు చేసి చూపే బొమ్మను 1801లో ఆయనే తెచ్చాడు. అంటే ఈ బొమ్మలు పుట్టిందే వ్యాపారం లెక్కల కోసం. 1983లో లోటస్ 1-2-3 వచ్చాక పట్టిక, గ్రాఫు, సమాచార నిల్వ మూడూ ఒకే చోట కుదిరాయి. ఆ పేరులోని మూడంకెలకు అర్థం అదే. ఆ తర్వాత ఎక్సెల్, టాబ్లో, పవర్ బీఐ వచ్చాయి.

బొమ్మ ఎందుకు, అంకె చాలదా అని అడిగేవారికి ఒక ఉదాహరణ చెబుతాను. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు నాలుగు చిన్న పట్టికలు తయారుచేశాడు. ఒక్కొక్క దానిలో పదకొండు జతల అంకెలు. నాలుగింటి సరాసరి ఒకటే, ఎగుడుదిగుడుల కొలత దాదాపు ఒకటే. కాగితం మీద లెక్క చేస్తే నాలుగూ కవలల్లా ఉంటాయి. గ్రాఫు గీస్తే ఒకటి ఏటవాలుగా పోతుంది, ఒకటి వంపు తిరుగుతుంది, మిగిలిన రెండింటిలో ఒక్కొక్క అంకె వేరుపడి మొత్తం లెక్కనే లాగేస్తూ ఉంటుంది. సరాసరి దాచిపెట్టిన సంగతిని కన్ను పట్టేస్తుంది. అందుకే బొమ్మ కావాలి.

అయితే ఆ బొమ్మే కంటిని మోసం కూడా చేయగలదు. గుంటూరు యార్డు ధరలు మీకు తెలియనివి కావు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఇప్పుడు ఊహకు రెండు వారాల ధరలు తీసుకుందాం. మొదటి వారం 11,000, రెండో వారం 11,800 అనుకుందాం. పెరిగింది నూటికి ఏడు రూపాయల చిల్లర. పట్టీల బొమ్మ అడుగును సున్నా దగ్గర కాకుండా 10,900 దగ్గర మొదలుపెడితే, మొదటి పట్టీ ఎత్తు 100, రెండోది 900. కంటికి తొమ్మిది రెట్లు కనిపిస్తుంది! అంకెల్లో ఒక్కటీ అబద్ధం లేదు, బొమ్మ మాత్రం అబద్ధం. కనుక పట్టీల బొమ్మ చూడగానే మొదట ఎడమ పక్క అడుగున ఉన్న అంకె చూడండి.

రెండో ఉదాహరణ మన జిల్లాదే. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని భాగాలు తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో చీరాల, పర్చూరు, అద్దంకి ప్రాంతాలు బాపట్ల జిల్లాకు, కందుకూరు ప్రాంతం నెల్లూరుకు వెళ్లాయి. ఇప్పుడు ఎవరైనా కుర్రవాడు ప్రకాశం జిల్లా పంటల విస్తీర్ణాన్ని పదేళ్లకు గీత గీస్తే, 2022 దగ్గర గీత బావిలో పడినట్లు పడిపోతుంది. రైతు పొలం అక్కడే ఉంది, పైరూ అక్కడే ఉంది. మారింది సరిహద్దు. ఆ గీత చూసి ఎరువుల కొట్టు మూసుకున్నా, కోల్డ్ స్టోరేజీ కట్టడం మానుకున్నా నష్టం మనకే. ఎంత ఖరీదైన సాఫ్టువేరయినా ఈ సంగతి తనంత తాను చెప్పదు. ఆ ఊరు, ఆ వ్యాపారం తెలిసిన మనిషే చెప్పాలి.

ఇక అసలు అంకె సరైనదేనా అన్న ప్రశ్న. దీనికి సి.ఆర్. రావుగారు తమ పుస్తకంలో రాసిన సంగతి ఒకటి చెబుతాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ప్రపంచ ఖ్యాతి పొందిన ఆ మహనీయుడు 2023లో, నూట రెండేళ్లు దాటాక కాలం చేశారు. 1947లో ఢిల్లీ ఎర్రకోటలో శరణార్థులు తలదాచుకున్నారు. కాంట్రాక్టర్లు పెద్ద పెద్ద బిల్లులు పెడుతున్నారు. లోపల ఎంతమంది ఉన్నారో లెక్కించే వీలు లేదు. గణాంక నిపుణులు ఆ బిల్లుల్లోని బియ్యం, పప్పు, ఉప్పు తీసుకుని, మనిషికి ఎంత పడుతుందన్న లెక్కతో జనాన్ని అంచనా వేశారు. బియ్యాన్ని బట్టి చూస్తే జనం చాలా ఎక్కువ, ఉప్పును బట్టి చూస్తే చాలా తక్కువ. ఉప్పు చవక, దానిని పెంచి రాసినా మిగిలేదేమీ లేదు. కనుక ఉప్పు లెక్కనే నమ్మారు. ట్రెజరీలో, ఆడిట్లో పనిచేసిన మిత్రులకు ఇది వేరే చెప్పనక్కర లేదు. బొమ్మకు ముందు బిల్లు చూడాలి.

ఇప్పుడు పనిముట్ల సంగతి. మన ఊళ్లో చాలా షాపుల్లో లెక్కలు టాలీలో ఉంటాయి. దాని కొత్త రూపాల్లో డ్యాష్‌బోర్డు అందులోనే వస్తోంది. అంటే ఇప్పటికే డబ్బు కట్టిన వస్తువులోనే కొంత పని జరుగుతుంది. అది చాలకపోతే టాలీ లెక్కను ఎక్సెల్‌కు మార్చుకోవచ్చు. ఎక్సెల్ కొనలేనివారికి లిబ్రే ఆఫీస్ కాల్క్ ఉచితం. ఒకే కొట్టు, ఒకరిద్దరు మాత్రమే లెక్క చూసే వ్యాపారానికి ఇంతకు మించి అవసరం రాదని నా అభిప్రాయం.

నాలుగైదు చోట్ల శాఖలుండి, రోజూ లెక్కలు ఒకచోటికి చేరాలంటే పవర్ బీఐ వంటివి కావాలి. ఒక కంప్యూటరులో గీసుకోవడానికి అది ఉచితమే. పదిమందితో పంచుకోవాలంటే తలకింత, నెలకింత చొప్పున కట్టాలి. టాబ్లో చక్కని బొమ్మలు గీస్తుంది, దానికీ మనిషికింత అని రుసుము ఉంది. ‘టాబ్లో పబ్లిక్’ ఉచితం కదా అని మన లెక్కను అందులో ప్రచురిస్తే లోకమంతా చూడవచ్చు. పోటీ వ్యాపారి కూడా ఆ లోకంలోనే ఉంటాడు! గూగుల్ వారి లుకర్ స్టూడియో మామూలు అవసరాలకు ఉచితంగానే దొరుకుతుంది, కాని ఇంటర్నెట్టు ఉండాలి. ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు బయటి కంప్యూటర్లలోకి ఎక్కించేముందు ఆలోచించాలి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం కూడా వచ్చింది.

అమ్మేవారు వచ్చినప్పుడు వారి మాదిరి బొమ్మలు చూసి మురిసిపోవద్దు. మన లెక్కే ఇచ్చి, మన ప్రశ్నకు జవాబు గీయమనండి. పొగాకు వ్యాపారి ప్రశ్న “సరాసరి ధర ఎంత?” అనేది కాదు. బ్రైట్, మీడియం, లో గ్రేడు, ఈ మూడింటికి వేరువేరుగా ఏమైంది అన్నది. ఒక్క గీతతో అది తెలియదు, మూడు గీతలు కావాలి. ఆ మూడు గీతలు మన గుమాస్తా స్వయంగా గీయగలిగితే ఆ పనిముట్టు మనది. ప్రతిసారి వాళ్ల మనిషి రావలసివస్తే మనం వాళ్ల చేతిలో ఉన్నట్లే.

మా మిత్రుడొకరి ఇంట్లో జరిగిన విషయం, పేరు చెప్పకుండా చెబుతాను. ఆయన కుమారుడు ఎండుమిర్చి, మసాలాల వ్యాపారంలో ఉన్నాడు. ఒకనాడు తండ్రికి అమ్మకాల గ్రాఫు చూపించాడు. గీత కొండెక్కినట్లు పైకి పోతోంది. “నాన్నా, ఇంకో గోడౌను తీసుకుంటాను, మీ ఫిక్సెడ్ డిపాజిట్ సర్దండి” అన్నాడు. ఆయన నన్ను పిలిపించారు. ఆ అబ్బాయి నిజాయితీపరుడే, గీసిన గీత కూడా సరైనదే. “బాబూ, అమ్మకాల పక్కనే వసూళ్ల గీత కూడా వెయ్యి” అన్నాను. వేశాడు. రెండు గీతల మధ్య సందు నెలనెలా పెరుగుతోంది. సరుకంతా అరువు మీద పోతోంది. తండ్రీకొడుకులు చాలాసేపు దాని వంకే చూశారు. గోడౌను ఆలోచన వాయిదా పడింది. ఆ సంవత్సరమంతా బాకీల వసూలు మీద కూర్చున్నారు. డిపాజిట్ బ్యాంకులోనే ఉంది. ఆ రెండో గీత గీయడానికి కొత్త సాఫ్టువేరు ఏదీ కొనలేదు. ఉన్న కంప్యూటరులోనే పావుగంట పట్టింది.

కాబట్టి మన ఇళ్లలో ఎవరైనా ఇలాంటి బొమ్మ చూపించి సొమ్ము అడిగితే నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ అంకెలు ఏ పుస్తకంలోవి? పట్టీ అడుగు సున్నాయేనా? ఇందులో చూపించనిది ఏమిటి? ఈ పనిముట్టుకు ఏడాదికి ఎంత ఖర్చు, మానేస్తే మన లెక్క మనకు తిరిగి వస్తుందా? ఇంకొక్క మాట. ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివారికి రంగులతో లాభనష్టాలు చూపితే ప్రయోజనం లేదు. అంకె కూడా పక్కనే పెద్ద అక్షరాల్లో రాయమనండి. అలా అడగడం నామోషీ ఏమీ కాదు. సొమ్ము మనది.

పిల్లల్ని అనుమానించమని నా ఉద్దేశం కాదు. ముప్ఫయి నలభై ఏళ్లు రికార్డులు చూసిన కళ్లు మనవి. కొత్త పనిముట్టు వాళ్ల చేతిలో ఉంది, ప్రశ్న అడిగే అలవాటు మన దగ్గర ఉంది. రెండూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే వ్యాపారానికీ మేలు, కుటుంబానికీ మేలు. మీ ఇంట్లో అటువంటి లెక్కలు ఉండి సందేహం కలిగితే, జీవన ప్రమాణ పత్రాల కోసం సంఘం ఆఫీసుకు వచ్చినప్పుడు వెంట తీసుకురండి, కూర్చుని చూద్దాం.