అర్జీలో లేని బస్తీ

(అంబేడ్కర్ జయంతి సందర్భంగా ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో జరిగిన తెలుగు కుటుంబాల సభలో ఒక పరిశోధక విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



 ఏప్రిల్ 14న సభ అంటే బాబాసాహెబ్ జీవితం గురించి చెప్తానని అనుకుంటారు. ఆ జీవితం నాకంటే బాగా చెప్పగలిగిన పెద్దలు ఈ హాల్లోనే ఉన్నారు. అందుకని నేను చేసిన ఒక ఉద్యోగం గురించి చెప్తాను. ఆ ఉద్యోగంలో నా చేత్తో నేను చేసిన ఒక తప్పు గురించి కూడా చెప్తాను.

పీహెచ్‌డీలో చేరక ముందు రెండేళ్లు ఈ రాష్ట్రంలోనే ఒక పురపాలక సంఘంలో కాంట్రాక్టు మీద పనిచేశాను. ఊరి పేరు చెప్పను. నేను చెప్పబోయేది ఆ ఒక్క ఊరి సంగతి కాదు. ఆ ఊరి తరఫున పైప్రభుత్వాలను డబ్బు అడగడం నా పని. బయటి దేశాల్లో ఈ పని చేసేవాళ్లని గ్రాంట్ రైటర్ అంటారు. మన ఆఫీసుల్లో ఆ పేరేమీ ఉండదు, ప్రాజెక్టు సెల్‌లో ఒక కాంట్రాక్టు మనిషి, అంతే. మా అమ్మ మాత్రం చుట్టాలకి చెప్పేటప్పుడు "మా పిల్ల మునిసిపాలిటీకి అర్జీలు రాస్తాది" అనేది. అమ్మ చెప్పిందే సరైన పేరు.

మునిసిపాలిటీ అర్జీ పెట్టడమేమిటి, మనం కదా దానికి అర్జీ పెట్టేది అనిపించొచ్చు. ఇంటి పన్ను, లైసెన్సు ఫీజులు, మార్కెట్ అద్దెలు అన్నీ కలిపినా చాలా ఊళ్లలో రోజువారీ ఖర్చుకే చాలవు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకి బాధ్యతలు చాలా చూపించింది, డబ్బు మాత్రం పైచేతుల్లోనే ఉండిపోయింది. ఆర్థిక సంఘం గ్రాంటులు, 2014లో స్వచ్ఛ భారత్ మిషన్, 2015లో అమృత్, అదే ఏడు ప్రధానమంత్రి ఆవాస్ యోజన. ప్రతి పథకానికీ ఒక మార్గదర్శకాల పుస్తకం ఉంటుంది. దాన్ని చదివి, సర్వే చేసి, డీపీఆర్ అనే లావుపాటి నివేదిక రాయాలి. డబ్బు వచ్చాక ఫలానా పనికి ఖర్చు పెట్టామని యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాలి. అది పోకపోతే తర్వాతి విడత రాదు. నా రెండేళ్లూ ఈ కాగితాల మధ్యే గడిచాయి.

ఒకసారి ఇంటింటికీ మరుగుదొడ్ల కోసం జాబితా తయారుచేస్తున్నాం. పట్టాల పక్కన ఒక బస్తీకి వెళ్లాను. బెంగాలీలో మాట్లాడబోతే ఒక మామ్మ నా మాట యాస పట్టేసి, "నువ్వు మనోళ్ల పిల్లవా?" అంది. అక్కడ సగానికి పైగా ఇళ్లు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లవే. గ్యాంగ్‌మన్లు, సఫాయివాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. ఆడవాళ్లు తెల్లవారకముందే పట్టాల వైపు వెళ్లాల్సిందే. వానాకాలంలో ఆ దారిలో పాములు. మామ్మ తన ఇల్లు, పక్కిల్లు, ఆ వెనకిల్లు అన్నీ దగ్గరుండి రాయించింది. వచ్చేటప్పుడు అడిగింది: "మా పేర్లు రాసుకున్నావా అమ్మా?" రాసుకున్నాను మామ్మా అన్నాను.

ఆఫీసుకి వచ్చి పట్టికలో ఎక్కించబోతే రెండు గడులు అడ్డం తిరిగాయి.

మొదటిది భూమి గడి. స్థలం ఎవరిది? రైల్వేది. అయితే రైల్వే నుంచి నిరభ్యంతర పత్రం ఏది? లేదు. రైల్వే అయితే వాళ్లని ఆక్రమణదారులు అంటుంది, తన లెక్కలో చూపించదు. మునిసిపాలిటీ అయితే స్థలం మాది కాదు అంటుంది, తన లెక్కలో చూపించదు. ఆ బస్తీ నుంచి ఓట్లు మాత్రం మునిసిపాలిటీకే పడతాయి.

రెండోది కులం గడి. ఎస్సీ కుటుంబాలు ఎన్ని అని అడుగుతుంది. బస్తీలో అడిగితే మేం మాలలం, మేం మాదిగలం అని చెప్పారు. బెంగాల్ ఎస్సీ జాబితాలో మాల, మాదిగ అనే పేర్లు లేవు. రాజ్యాంగంలోని 341వ అధికరణం ప్రకారం ఏ రాష్ట్రం జాబితా ఆ రాష్ట్రానిదే. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో, ఆంధ్ర నుంచి బొంబాయి చేరిన ఒక కుటుంబం విషయంలో, సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఒక రాష్ట్రం ఇచ్చిన హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో రిజర్వేషన్‌కి పనికిరాదని తీర్పు. 2018లో రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ దాన్నే ఖాయం చేసింది. కాబట్టి తాత తరం నుంచి ఊరి మురుగు ఎత్తిన ఇల్లు నా పట్టికలో 'ఇతరులు' అయిపోయింది. చీపురు చేతికిచ్చినప్పుడు సరిహద్దు ఎవరూ అడగలేదు. గ్రాంటు రాసేటప్పుడే సరిహద్దు గుర్తొచ్చింది.

నా పై అధికారి మంచివాడే. "ఒక్క బస్తీ కోసం మొత్తం అర్జీ వెనక్కి వస్తే ఊరికంతా నష్టం, తీసెయ్" అన్నాడు. తీసేశాను. కంప్యూటర్‌లో ఆ వరుసలు ఎంచుకుని డిలీట్ కొట్టడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. గ్రాంటు మంజూరైంది. బాగా రాశావని మెచ్చుకున్నారు కూడా.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. పీహెచ్‌డీలో చేరాక స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ మార్గదర్శకాలు మొదటి పేజీ నుంచి చదివాను. ఉద్యోగంలో ఉండగా నాకు కావాల్సిన పట్టికలే చూశాను. ఇంటి మరుగుదొడ్డికి సాయం ఇవ్వడానికి ఆ ఇల్లు అనుమతి ఉన్న కాలనీలో ఉందా, లేని కాలనీలో ఉందా అన్నది చూడక్కర్లేదని, స్థలం హక్కుకీ ఈ సాయానికీ ముడి పెట్టొద్దని అందులోనే రాసి ఉంది. అంటే ఆ బస్తీని రూలు తీసెయ్యలేదు. రూలు అలా ఉంటుందని మేం అనుకున్న భయం తీసేసింది. ఆ భయాన్ని కాగితం మీద అమలు చేసిన చెయ్యి నాది. నేను మనోళ్ల పిల్లనే.

ఇప్పుడు బాబాసాహెబ్ దగ్గరికి వస్తాను. ఆయన రాజ్యాంగం రాశారని మనందరికీ తెలుసు. కొలంబియా విశ్వవిద్యాలయానికి ఆయన రాసిన డాక్టరేట్ పరిశోధన దేని గురించో మన సభల్లో తక్కువగా వింటాం. బ్రిటిష్ ఇండియాలో కేంద్రానికీ ప్రాంతీయ ప్రభుత్వాలకీ మధ్య డబ్బు ఎలా పంచుకున్నారన్నదే ఆ పరిశోధన. 1925లో లండన్‌లో పుస్తకంగా అచ్చయింది. 1833 నుంచి ఖజానా అంతా కేంద్రం చేతిలోకి ఎలా పోయింది, 1871 నుంచి జైళ్లు, పోలీసు, చదువు, వైద్యం లాంటి పద్దులకి ప్రాంతాలకి ముద్దగా డబ్బు ఇవ్వడం ఎలా మొదలైంది, తర్వాత కొన్ని ఆదాయాలు అప్పగించడం, ఆ తర్వాత ఆదాయాలు పంచుకోవడం, ఇలా దశలవారీగా లెక్కలతో చూపించారు. ఇప్పుడు మనం గ్రాంటు అంటున్నదాని వంశవృక్షం అది. అంటరాని ఇంట్లో పుట్టిన ఒక యువకుడు దూరదేశంలో కూర్చుని ప్రభుత్వ బడ్జెట్లు తిరగేశాడంటే, డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతుందో తెలియనివాడికి హక్కు కాగితం మీదే మిగిలిపోతుందని ఆయనకి అర్థమైందని నేను అనుకుంటాను.

రైల్వే గురించి కూడా ఆయనకి బాగా తెలుసు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే అణగారిన వర్గాల కార్మికుల సభలో మాట్లాడుతూ, అంటరాని కార్మికుడు గ్యాంగ్‌మన్‌గానే ఎందుకు మిగిలిపోతున్నాడో వివరించారు. పోర్టర్ కూడా కాలేడు, ఎందుకంటే పోర్టర్ స్టేషన్ మాస్టర్ ఇంట్లో కూడా పనిచెయ్యాలి, ఆ ఇంట్లోకి ఇతన్ని రానివ్వరు. కార్మికుడికి బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులని అన్నది ఆ సభలోనే.

మా తాత కూడా గ్యాంగ్‌మనే. ఈ ఖరగ్‌పూర్‌లో పనికి చేరి, పట్టాల మీదే నడుం వంగిపోయి రిటైరయ్యాడు. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఊళ్లో భూమి ముందే లేదు. ఈ హాల్లో ఎన్ని ఇళ్ల కథ ఇది? మన ఊరి ప్లాట్‌ఫాం 1,072 మీటర్లు, ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని పిల్లలకి పాఠంలో చెప్పేవారు. దాన్ని ఊడ్చినవాళ్లకి సెంటు భూమి లేదని ఏ పాఠంలోనూ లేదు. 2001 జనగణనలో ఖరగ్‌పూర్ పట్టణం ఒక ఊరు, ఖరగ్‌పూర్ రైల్వే సెటిల్‌మెంట్ మరో ఊరు. ఒకే గోల్ బజార్‌లో కూరగాయలు కొనుక్కునే మనం లెక్కలో రెండు ఊళ్ల వాళ్లం. ఆ రెండు లెక్కల మధ్య సందులో పడిపోయేది ఎప్పుడూ మన బస్తీలే. పడిపోతే ఏమవుతుందో ఢిల్లీలో చూశాం. 2020 ఆగస్టులో అక్కడ పట్టాల పక్కనున్న 48,000 గుడిసెలు మూడు నెలల్లో తొలగించమని సుప్రీంకోర్టు ఆదేశమిచ్చింది. ఏ జాబితాలోనూ లేని ఇంటిని కూల్చడం సులువు.

2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇచ్చింది. సంతోషించాం, మిఠాయిలు పంచుకున్నాం. మన భాష జాబితాలోకి వచ్చింది. మన ఇల్లు ఇంకా రాలేదు.

మరి ఏం చెయ్యాలి? నాకు తెలిసిన పని గురించే చెప్తాను.

మొదటిది, మన జాబితా మనమే రాసుకోవాలి. ప్రతి బస్తీలో ఎన్ని ఇళ్లు, ఎందరు మనుషులు, నీళ్లెక్కడ, దొడ్డెక్కడ, ఎవరు ఏ పని చేస్తారు. పదో తరగతి పిల్లలు నలుగురు కూర్చుంటే రెండు ఆదివారాల్లో అయిపోతుంది. ఆఫీసులో అర్జీ రాసే మనిషి ముందు ఒక సిద్ధమైన జాబితా సంతకాలతో ఉంటే, దాన్ని తీసెయ్యడానికి డిలీట్ బటన్ ఒక్కటే చాలదు. ఎందుకు తీశావో రాయాల్సి వస్తుంది.

రెండోది, సమాచార హక్కు చట్టం. 2005 చట్టంలో నాలుగో సెక్షన్ ప్రకారం బడ్జెట్, సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఆఫీసు తనంతట తానే బయటపెట్టాలి. పెట్టకపోతే అడగండి. మంజూరైన డీపీఆర్ కాపీ, యుటిలైజేషన్ సర్టిఫికెట్ కాపీ అడగండి. మన వార్డు పేరు మీద వచ్చిన డబ్బు ఎక్కడ దిగిందో వాటిలో తెలుస్తుంది.

మూడోది, మార్గదర్శకాలు చదవాలి. ఇంగ్లీషులో ఉంటాయని భయపడొద్దు. చదువుకున్న పిల్లలం ఎందుకున్నాం? ప్రతి పథకంలో మనకి పనికొచ్చే పేరా ఏదో తెలుగులో, బెంగాలీలో, హిందీలో గోడకి అంటిద్దాం.

నాలుగోది కష్టమైనది, కులం గడి. 341 జాబితాని మార్చగలిగేది పార్లమెంటు ఒక్కటే. అది సుదీర్ఘ పోరాటం, మొదలు పెట్టక తప్పదు. ఆ పోరాటంలో మనకి అండ ఈ గడ్డ చరిత్రే. 1946లో బొంబాయి నుంచి రాజ్యాంగ సభకి వెళ్లే దారి మూసుకుపోతే, బాబాసాహెబ్‌ని గెలిపించి పంపింది బెంగాల్. జోగేంద్రనాథ్ మండల్, ఇక్కడి నామశూద్రులు ఆయన వెనక నిలబడ్డారు. ఏ రాష్ట్రం వాడివని ఆ రోజు వాళ్లు అడిగి ఉంటే, 341ని రాసిన సభలో ఆయన ఎలా అడుగుపెట్టేవారు?

ఇక పిల్లలకి ఒక మాట. కలెక్టర్ అవ్వండి, ప్రొఫెసర్ అవ్వండి. ఈ అర్జీలు రాసే చిన్న కుర్చీల్లో కూడా కూర్చోండి. అక్కడ కూర్చున్నప్పుడు నాలాగా పట్టిక మాత్రమే చదవొద్దు, పుస్తకం మొత్తం చదవండి.

కిందటి నెల ఆ బస్తీకి మళ్లీ వెళ్లాను. జరిగింది మామ్మకి చెప్పాను. తిట్టలేదు. "అప్పుడు నీ ఒక్కదాని చేత రాయించినాం, అదే మా తప్పు" అంది. మనవరాలిని పిలిచి నోటుపుస్తకం తెమ్మంది. మొదటి పేజీలో తన పేరు, ఇంటి ముందున్న కరెంటు స్తంభం నంబరు రాయించింది. ఈసారి ఆ జాబితా నా దగ్గర లేదు. వాళ్ల దగ్గరే ఉంది.

జై భీమ్.