ద్వారము దగ్గర కూర్చున్న తల్లులు
(స్త్రీల సమాజపు కూటములో చేసిన ప్రసంగ పాఠము)



యుద్ధములు మానవలెనని ప్రార్థించుట మనకు అలవాటే. ఆ ప్రార్థనను బజారులోనికి తెచ్చి కూర్చున్న స్త్రీలను గూర్చి నాలుగు మాటలు చెప్పుదును.

ఆఫ్రికా పడమటి తీరమున లైబీరియా అను చిన్న దేశమున్నది. 1989లో మొదలైన అంతర్యుద్ధము, నడుమ కొద్ది విరామముతో, 2003 వరకు అక్కడ సాగినది. పసివాండ్ర చేతులకు తుపాకులిచ్చారు. రాజధాని మన్రోవియాలో, సెయింట్ పీటర్స్ లూథరన్ దేవాలయమున తలదాచుకొన్న సుమారు 600 మందిని 1990 జూలైలో సైనికులు చంపారు.

తరువాతి కాలములో ఆ దేవాలయము తరపుననే, యుద్ధముచే మనసు చెదిరినవారిని ఓదార్చు పనిలో లేమా గ్బోవీ అను తల్లి ఉండేవారు. 2003లో ఆమె, ఆమె స్నేహితురాండ్రు స్త్రీలను పిలిచారు. క్రైస్తవ స్త్రీలతో ముస్లిం స్త్రీలు కలిశారు. తెల్లబట్టలు ధరించి, అలంకారములు మాని, చేపల బజారు దగ్గర, దేశాధ్యక్షుడు చార్లెస్ టేలర్ వాహనములు పోవు బాట ప్రక్కన, ఎండనక వాననక రోజూ కూర్చున్నారు. ఎవరి పక్షమూ పట్టలేదు, శాంతి కావలెనన్నారు. ఏప్రిల్‌లో టేలర్ వారి మనవి వినక తప్పలేదు.

జూన్‌లో ఘనా దేశమున చర్చలు మొదలైనవి. వారములు గడిచినా తెగలేదు. ఇక్కడ ప్రతినిధులు హోటళ్లలో సుఖముగా ఉండగా, అక్కడ మన్రోవియాపై గుండ్లు పడుచున్నవి. జూలైలో ఆ స్త్రీలు సమావేశపు హాలు ద్వారమునకు అడ్డముగా చేయి చేయి కలిపి కూర్చున్నారు. మాట తేలువరకు లోనివారిని బయటకు పోనీయమన్నారు. కావలివారు వచ్చి బెదిరించినా లేవలేదు. ఆగస్టు 18న ఒప్పందముపై సంతకములైనవి.

వారొక్కరే యుద్ధమును ఆపారనుట సరికాదు. తిరుగుబాటు సేనలు రాజధానిని ముట్టడించినవి. ఇరుగుపొరుగు దేశములు ఒత్తిడి తెచ్చినవి. టేలర్‌పై సియర్రా లియోన్ ప్రత్యేక న్యాయస్థానమున నేరారోపణ వచ్చినది. అయినను, చర్చలను సాగదీయుచున్నవారికి ఆ సాగదీత సుఖము లేకుండా చేసినది ఈ తల్లులే. సంతకములతో పని ముగిసినదని వారు ఇండ్లకు పోలేదు; 2005 ఎన్నికలకు ఓటర్లుగా నమోదు కమ్మని బజారు స్త్రీలను పురికొల్పారు. 2011లో గ్బోవీగారు నోబెల్ శాంతి బహుమతి అందుకొన్న ముగ్గురిలో ఒకరైనారు.

వారికి ఆయుధములు లేవు, పదవులు లేవు. ఉన్నదెల్లా మన సమాజములకున్నదే: క్రమము తప్పక కలుసుకొను అలవాటు, ఒకరి కష్టము ఒకరికి చెప్పుకొను చనువు. దానిని ఎక్కడ కూర్చోబెట్టవలెనో వారు తెలిసికొన్నారు. అహింస అనగా ఊరకుండుట కాదు. అన్యాయము నడచు బాట ఏదో చూచి, చేయి ఎత్తక, అక్కడ కూర్చుండుట.