పై మడి రైతు కింది మడికి నీళ్లెందుకిస్తాడు?

(రైతుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం ఇండోనేషియాలోని ఒక చిన్న ఊరి గురించి మాట్లాడుకుందాం. మద్దతు ధర, కౌలు కార్డులు, ఎరువుల కొరత ఇన్ని మన నెత్తిన ఉండగా సముద్రం అవతలి ఊరి సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కాలువ కింద పై రైతులూ చివరి భూముల రైతులూ తూముల దగ్గర తగాదా పడని సీజను మనకు ఏదైనా ఉందా? ఆ తగాదాకు తరతరాల కిందటే ఒక దారి వేసుకున్న ఊరది. అందుకే తెలుసుకోవాలి.

ఊరి పేరు జాతిలువి. బాలి దీవిలో, తబానన్ జిల్లాలో, బతుకారు కొండ దక్షిణపు వాలు మీద, సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. కొండవాలును మెట్లుమెట్లుగా తొలిచి మడులు కట్టారు. వరి భూమి సుమారు 300 హెక్టార్లు, అంటే మన లెక్కలో 750 ఎకరాలకు దగ్గర. మడులు చిన్నవి, గట్లు వంకర టింకర. పెద్ద ట్రాక్టరు దిగదు. ఈ కొండ చుట్టుపక్కల మెట్ల మడుల ప్రస్తావన 10వ శతాబ్దపు శాసనంలోనే ఉంది. ఇక్కడి పేరున్న పంట ఎర్ర బియ్యం. దేశవాళీ రకం, ఐదారు నెలలు పడుతుంది. అది కోశాక తక్కువ కాలపు రకం వేస్తారు. వాళ్ల వరి దేవత పేరు దేవి శ్రీ. మనం గాదె దగ్గర తలుచుకునే శ్రీదేవి పేరే అది.

ఇక అసలు విషయానికి వద్దాం. బాలిలో నీళ్లు పంచుకునే రైతుల సంఘాన్ని సుబక్ అంటారు. దీనికి ఊరి పొలిమేరతో పనిలేదు. ఒక కాలువ నీళ్లు ఎన్ని మడులకు పారుతాయో ఆ మడుల రైతులంతా ఒక సుబక్. పెద్దను రైతులే ఎన్నుకుంటారు. అతన్ని పెకసే అంటారు. మన చెరువుల కింద నీరటి ఉండేవాడే, ఆ పనీ, దానికి మించిన అధికారమూ అతనిది. కట్టుబాట్లన్నీ రాసి పెట్టుకుంటారు. కాలువ పూడిక తీసే రోజు రాకపోతే జరిమానా. వంతు తప్పి నీళ్లు మళ్లించుకుంటే జరిమానా. కాలువ చీలే చోట గండ్లు కోసిన దుంగను అడ్డం వేస్తారు. ఎవరి వాటా ఎంతో ఆ గండి వెడల్పే చెబుతుంది. చూసిన ఎవరికైనా తెలిసిపోతుంది, అధికారి వచ్చి కొలవనక్కర్లేదు.

నాట్లు ఎప్పుడు వేయాలి, ఏ రకం వేయాలి, కోశాక భూమిని ఎన్నాళ్లు వదలాలి అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోరు. నీటి గుడి దగ్గర కూర్చుని సుబక్ రైతులు తేల్చుకుంటారు. ఒకే ఏటి మీద ఆధారపడ్డ సుబక్‌లన్నీ కలిసి పెద్ద గుడి దగ్గర కూర్చుంటాయి. పైనున్న సుబక్ ముందు, కిందిది తర్వాత, ఇలా వంతులు వేసుకుంటారు.

ఇక్కడ మన రైతుకు ఒక అనుమానం వస్తుంది. నీళ్లు ముందు తన మడిలోకే వస్తున్నప్పుడు పై రైతు కింది వాడి మాట ఎందుకు వింటాడు? దేవుడి భయమా? మంచితనమా? రెండూ కొంత ఉండొచ్చు. కానీ గట్టి కారణం పురుగు. పై రైతులు ఒకసారి, కింది రైతులు ఇంకోసారి ఇష్టం వచ్చినట్టు నాటుకుంటే ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట పచ్చని వరి ఉంటుంది. సుడిదోమకూ, ఎలుకకూ తిండి తెగదు. కింది మడిలో పెరిగిన దోమ పై మడికి ఎగురుతుంది. దానికి ఎగువా దిగువా లేదు. అందరూ ఒక్కసారి నాటి, ఒక్కసారి కోసి, కొన్ని వారాలు అంత మేరా వరి లేకుండా చేస్తే పురుగు తిండి లేక పోతుంది. కోసిన మడుల్లోకి బాతుల్ని తోలితే రాలిన గింజతో పాటు పురుగునూ ఏరి తింటాయి.

కింది రైతుకు నీళ్లు అందకపోతే అతను అందరితో పాటు నాటలేడు. అతను వెనకబడితే పురుగు బతికిపోతుంది. కాబట్టి కింది మడికి నీళ్లు వదలడం పై రైతు తన పంటను కాపాడుకోవడమే. ఈ లెక్క మనం గుర్తు పెట్టుకోవాలి.

ఈ లెక్క తెలియని పాలకులు ఏం చేశారో కూడా చూడాలి. హరిత విప్లవం పేరుతో 1970ల్లో ఇండోనేషియా ప్రభుత్వం కొత్త వంగడాలు, ఎరువులు, పురుగుమందులు, అప్పు అన్నీ ఒక మూటగా కట్టి రైతు చేతిలో పెట్టింది. మనకు తెలిసిన ఐఆర్-8 అక్కడికీ వెళ్లింది. వీలైనంత త్వరగా, వీలైనన్నిసార్లు నాటమన్నారు. గుడి దగ్గర వేసుకున్న వంతులు పాతకాలపు చాదస్తమన్నారు. మొదట దిగుబడి పెరిగింది. తర్వాత సుడిదోమ, టుంగ్రో తెగులు, ఎలుకలు విరుచుకుపడ్డాయి. కింద నీళ్లకు కటకట మొదలైంది. 1979లో ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో సాగునీటి ప్రాజెక్టు మొదలుపెట్టిన ఇంజనీర్లూ నీటి గుడుల పాత్రను లెక్కలోకి తీసుకోలేదు. స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికా పరిశోధకుడు ఏళ్ల తరబడి అక్కడ తిరిగి, జేమ్స్ క్రీమర్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆ నీటి వంతుల లెక్కంతా కంప్యూటర్‌లో వేశారు. నీళ్ల కొరతా పురుగూ రెండూ తక్కువగా ఉండి దిగుబడి బాగా వచ్చే పద్ధతి దాదాపు గుడుల దగ్గర రైతులు వేసుకున్న పద్ధతేనని తేలింది.

దోమపోటు దెబ్బ దేశమంతా తగిలింది. మందు కొట్టినకొద్దీ సాలీళ్ల వంటి మిత్ర పురుగులు చచ్చి దోమ ఇంకా పెరిగింది. చివరికి 1986లో ప్రభుత్వమే వరి మీద 57 రకాల పురుగుమందుల్ని నిషేధించింది. ఆ తర్వాత 1989లో రైతుల్ని మడిలోకి దింపి, మిత్ర పురుగునూ శత్రు పురుగునూ వాళ్ల చేతే లెక్కపెట్టించే బడి ఇండోనేషియాలోనే మొదలైంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా అది ఇతర దేశాలకు పాకింది. మన దగ్గర పొలంబడి అంటున్నామే, దాని పుట్టిల్లు అదే. కాబట్టి ఆ దేశపు రైతుకు మనం ఇప్పటికే కొంత బాకీ ఉన్నాం.

జాతిలువిలో కష్టాలు లేవని మనం చెప్పడం లేదు. 2012లో యునెస్కో బాలి సుబక్‌లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో ఈ ఊరి మడులున్నాయి. అప్పటి నుంచి పర్యాటకులు ఇంకా ఎక్కువయ్యారు. మడులు చూడ్డానికి టికెట్ పెట్టారు. చూసేది రైతు చెమటను. మరి ఆ డబ్బులో రైతు వాటా ఎంత? వారసత్వం పేరుతో పొలంలో ఏదీ కట్టకూడదని కట్టుబాటు. వరి మీద వచ్చేదేమో ఇల్లు గడవడానికి చాలదు. చదువుకున్న పిల్లలు హోటల్ ఉద్యోగాలకు వెళ్లిపోతున్నారు. రైతు నిలబడకపోతే మెట్ల మడులు నిలబడవు. ఫొటోలో అందంగా ఉండమని రైతుకు చెప్పే పాలకులు గిట్టుబాటు సంగతి తేల్చాలి. ఈ మాట అక్కడికీ వర్తిస్తుంది, ఇక్కడికీ వర్తిస్తుంది.

మనం వాళ్ల గుడుల్నీ పూజల్నీ తెచ్చుకోనక్కర్లేదు. మనకు 1997 నుంచీ చట్టం ఉంది, సాగునీటి సంఘాలున్నాయి. ఎన్నో చోట్ల అవి కాంట్రాక్టు పనులు పంచుకునే సంఘాలుగా మిగిలాయి తప్ప నాట్ల తేదీ మీద రైతుల్ని కూర్చోబెట్టిన సందర్భాలు అరుదు. ఈ ఖరీఫ్‌కు మన సంఘం శాఖలు మూడు పనులు చేయాలి. నీళ్లు వదలక ముందే ఒక్కో తూము కింద పై రైతులనూ చివరి రైతులనూ, కౌలు రైతులతో సహా, ఒకచోట కూర్చోబెట్టాలి. నారు పోసే వారం, కోత తర్వాత భూమి వదిలే వారాలు అక్కడే తేల్చి కాగితం మీద రాయాలి. ఆ కాగితం పట్టుకుని, చివరి మడికి నీళ్లు చేరే రోజు ఏదో చెప్పమని నీటిపారుదల అధికారుల్ని నిలదీయాలి.

చివరి భూముల సమస్య చివరి రైతు ఒక్కడిదే అని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాం. సుడిదోమ అలా అనుకోదు. ఈ సంగతి పై రైతుకు చెప్పగలిగితే తూము దగ్గర సగం తగాదా తీరుతుంది. మిగతా సగానికి మనమంతా కలిసి కొట్లాడదాం.